ఒక ఐత్వం, ఒక దీర్ఘం

అధ్యాపకుల గది, మూడో అంతస్తు
ఫిబ్రవరి 4

కేంద్ర కార్యాలయంలో కొలువుదీరిన మా ఆడపడుచు గారికి,

ఉత్తరమేమిటి వదినా, ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాలుగో మాట దగ్గర "మీటింగుంది వదినా, పెట్టేస్తున్నా" అంటావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. చింపేయగలవు, కానీ చివరిదాకా చదివాకే చింపుతావు. మీ అన్నయ్యని కట్టుకున్నప్పటి నుంచి చూస్తున్నాను, నీ సంగతి నాకు తెలియదా?

నా విద్యా సెలవు దరఖాస్తు తిరిగొచ్చింది. ఇది మూడోసారి. "విద్యార్థుల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకొని, ప్రత్యామ్నాయ అధ్యాపకులు లభ్యం కానందున, ప్రస్తుతానికి అంగీకరించడానికి వీలుపడదు." మూడేళ్ళుగా ఇదే వాక్యం, కింద రిజిస్ట్రారు గారి అదే కోడిగీతల సంతకం. మూడేళ్ళ ప్రస్తుతం ఏమిటమ్మా? మీ ఆఫీసులో గడియారం లేదా?

నిబంధనల పుస్తకం నలభై ఒకటో పేజీ తీసి చూడు. ఏడేళ్ళు పాఠం చెప్పిన ప్రతి అధ్యాపకుడికీ పరిశోధన కోసం ఆరు నెలల సెలవు అని ఉంది. నేను భాషా విభాగంలో ఇరవై మూడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక్క రోజు కూడా తీసుకోలేదు. అదే టపాలో ఇంకో కవరు కూడా వచ్చింది. "పని ఒత్తిడిని చిరునవ్వుతో ఎదుర్కొందాం", రెండు రోజుల శిక్షణ, హాజరు తప్పనిసరి. కింద అధ్యాపక వికాస కేంద్రం అధికారిణిగా సంతకం నీది. నా చిరునవ్వు ఎలా ఉందో ఎదురుగా ఉంటే చూసేదానివి.

ఇంత ఎందుకు అరుస్తున్నానో చెబుతాను. మార్కెట్ వెనక సందులో మూతపడిన అచ్చాపీసు ఉందని చెప్పాను కదా. అందులో సీసం అక్షరాల గళ్ళ పెట్టెలు అలాగే ఉన్నాయి. ఐదు వందల పైచిలుకు గళ్ళు. ఏ గడిలో ఏ అక్షరం, ఏ గుణింతం, ఏ వత్తు ఉంటుందో ఎక్కడా రాసిలేదు. యాభై ఏళ్ళు అక్కడ అక్షరాలు కూర్చిన కంపోజిటర్ చేతికి మాత్రమే తెలుసు. ఆయన చూపు మందగించింది. ఆగస్టు ఆఖరుకి ఆ ఇల్లు ఖాళీ చేయాలి, సీసమంతా కరగడానికి పోతుంది. పెట్టెలూ ఆయనా ఒకే గదిలో ఉండగానే ఆ లెక్క రాసుకోవాలి. "పెట్టె పోయాక అడిగితే నా చెయ్యి కూడా మర్చిపోతుందమ్మా" అన్నాడు పెద్దాయన. ఆదివారం అక్కడ తాళం. మిగతా రోజులు నాకు పొద్దున్నించి సాయంత్రం దాకా క్లాసులు. ఇక నేనెప్పుడు వెళ్ళను?

ఉత్తరం చివర "సెలవు" అని రాయాలి. మీ ఆఫీసు అనుమతి లేకుండా ఆ మాట వాడొచ్చో లేదో తెలియక రాయడం లేదు.

వదిన

*

కేంద్ర కార్యాలయం, రెండో గది
ఫిబ్రవరి 13

వదినా,

చింపలేదు. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు.

నీ ఫైలు నా టేబుల్ మీదకి రాదు. వికాస కేంద్రం అంటే పేరుకే వికాసం. నేను శిక్షణలు పెడతాను, హాజరు పట్టీలు చూస్తాను, భోజనాలు సరిపోయాయో లేదో కనుక్కుంటాను. సెలవులు పై అంతస్తు వాళ్ళ పని. అయినా నీ బదులు నూట అరవై మందికి పాఠం చెప్పే మనిషి దొరకాలిగా? మీ ప్రిన్సిపాలే "ఆవిడ లేకపోతే విభాగం మూసుకోవాలి" అని రాశాడట. నిన్ను పొగిడాడని సంతోషించు.

"మీ అన్నయ్య" అని నా మీదకి నెట్టకు, ఆయన నీ మొగుడు కూడా. పోయిన ఆదివారం ఫోన్లో నీ గొంతు రంపపు కోతలా ఉంది. జలుబా? మందు తీసుకో.

సెలవు. ఈ ఒక్కటి మాత్రం ఎవరినీ అడగకుండా నేనే ఇవ్వగలను.

నీ ఆడపడుచు

*

అధ్యాపకుల గది, మూడో అంతస్తు
మార్చి 9

మరదలా,

పొగడ్తట, పొగడ్త! ఎద్దుని కూడా బాగా పొగుడుతారు, కాడి మాత్రం దించరు. మా ప్రిన్సిపాల్‌కి మేం పెట్టుకున్న పేరు నీకు తెలుసుగా, చూద్దాం గారు. నిన్న ఆయన గదికి వెళ్ళాను. చేతులు రెండూ జోడించాడు.

"మీరు లేకపోతే మా పరిస్థితేంటమ్మా, చెప్పండి."

"నేను చచ్చిపోతే ఏం చేస్తారండీ?" అన్నాను.

"అప్పుడు చూద్దాం" అన్నాడు. ఒట్టు, అలాగే అన్నాడు.

నీ శిక్షణకి కూడా వెళ్ళొచ్చాను. సమయపాలన మీద ప్రసంగం గంటన్నర ఆలస్యంగా మొదలైంది. అందరినీ అద్దంలో చూసుకుని నవ్వమన్నారు. నా పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు నాలాగే విద్యా సెలవుకి మూడు దరఖాస్తులు పెట్టిన మనిషి. ఆయన నవ్వితే నాకు ఏడుపొచ్చింది. ఇంకెన్ని మూటలున్నాయి అలాంటివి మీ బీరువాల్లో?

పోయిన గురువారం నాకు ఒక పూట ఖాళీ దొరికితే అచ్చాపీసుకి పరిగెత్తాను. పెద్దాయన స్టూలు మీద కూర్చుని నా పేరు కూర్చి చూపించాడు. కళ్ళు కిటికీ వైపు ఉన్నాయి, చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. "ఎక్కువ వాడే అక్షరం దగ్గరగా ఉంటుంది. అరుదుగా వాడేది దూరంగా ఉంటుంది. మరి ఈ 'ఠ' ఇంత దగ్గరెందుకుందో చెప్పుకోండి?" అన్నాడు. నాకు తెలియలేదు. ఈ ఊళ్ళో పోలీస్ ఠాణా నోటీసులన్నీ వాళ్ళే వేసేవారట! చూశావా, ఒక ఊరి చరిత్ర ఒక గడిలో ఉంది. పన్నెండు గళ్ళు రాసుకునేసరికి గంట కొట్టే వేళయింది, వచ్చేశాను. ఐదు వందల్లో పన్నెండు.

నాలుగో దరఖాస్తు పంపాను. గొంతు సంగతి వదిలెయ్, సుద్దముక్క పొడి.

వదిన

*

అధ్యాపకుల గది, తలుపు వేసుకుని
మార్చి 27

మరదలా,

నాకేం రోగం?

నిన్న ఉత్తర్వు వచ్చింది. మూడేళ్ళు కదలని కాగితం రెండు వారాల్లో వచ్చింది. "ఆరు నెలల వైద్య సెలవు మంజూరు చేయడమైనది. మూడు వారాల లోపు వైద్య మండలి ముందు హాజరు కావలెను." నేను అడిగింది విద్యా సెలవు! మీ ఆఫీసులో ఏ మహానుభావుడో విద్యని వైద్యం చేశాడు.

మా అటెండర్‌ని రేడియో అంటామని తెలుసుగా. నేను కవరు విప్పేలోపే మూడంతస్తులకీ వార్త చేరింది. లెక్కల మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎవరో బత్తాయిలు తెచ్చారు. రేడియో నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఎక్కడమ్మా గడ్డ?" అని అడిగాడు. నేను బాగానే ఉన్నాను మొర్రో అంటే ఎవరూ నమ్మరే! "మీ ధైర్యం గొప్పదండీ" అంటారు.

పెద్దాయనకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "వి తీసి వై పెట్టారు, చివర దీర్ఘం ఊడబీకారు. రెండు ముక్కల తేడానమ్మా. మా ఓనరైతే ఆ కంపోజిటర్‌ని ఆ పూటే ఇంటికి పంపేవాడు" అన్నాడు. ఆ పని చేసినవాణ్ణి పట్టుకుని సరిచేయించు. వెంటనే.

వదిన

*

ఇంటి నుంచి, ఆఫీసు కాగితం కాదు
ఏప్రిల్ 1

వదినా,

ఆ మహానుభావురాలిని నేనే.

టైపు తప్పు కాదు. నీ నాలుగో దరఖాస్తు మీద నోటు నేనే కొట్టాను. ఐత్వం పెట్టాను, దీర్ఘం తీశాను. పై వాళ్ళు రోజుకి వంద కాగితాల మీద సంతకం పెడతారు, చదవరు. వైద్య సెలవుకి ప్రత్యామ్నాయం చూపించక్కర్లేదు. మా నిబంధనలు అంతే. చదువుకుంటానంటే నీ బదులు మనిషేడీ అని అడుగుతారు. జబ్బు చేసిందంటే ఎవరూ నోరెత్తరు. ఇదెక్కడి న్యాయమని నన్నడక్కు, పుస్తకం నేను రాయలేదు.

మండలి ముందుకి వెళ్ళు. నడుం నొప్పి అని చెప్పు. నడుం నొప్పిని కొలిచే యంత్రం ఇంకా రాలేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఒక్కసారి అబ్బా అను, చాలు. తర్వాత ఆరు నెలలు నీ పెట్టెల ముందు కూర్చో. ఆగస్టు ఆగదు వదినా. నేను చేయగలిగింది ఇదే.

ఈ ఉత్తరం మాత్రం నిజంగానే చింపెయ్.

నీ ఆడపడుచు

*

బస్టాండు బల్ల మీద, మీ ఆఫీసు నుంచి తిరిగొస్తూ
ఏప్రిల్ 6

మరదలా,

చింపను.

"నీ ఫైలు నా టేబుల్ మీదకి రాదు" అన్నావు. మరి నాలుగో నోటు ఎలా కొట్టావు? ఆ ప్రశ్న నన్ను కూర్చోనివ్వలేదు. అందుకే మీ ఆఫీసుకి వచ్చాను. నువ్వు మీటింగులో ఉన్నావు, ఈసారి నిజంగానే. నా ఫైలు చూపించమంటే పాత గుమాస్తా కాస్త నసిగి, నా వైపు తిప్పి పెట్టాడు.

మూడు తిరస్కారాల చిత్తుప్రతులూ నీ చేతిరాతలో ఉన్నాయి.

"విద్యార్థుల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకొని." ఆ వాక్యం ఎవరిదే? నీ ఉద్యోగ పరీక్షకి మా ఇంట్లో ఉండి చదువుకున్నావు. వ్యాసం మొదలుపెట్టడం చేతకాక ఏడుస్తుంటే ఆ మాటలు నేను నేర్పాను. "శ్రేయసు" అని రాస్తున్నావని, సకారం కింద వత్తు పెట్టించి యాభైసార్లు రాయించాను. ఫైల్లో ఎంత చక్కగా పెట్టావో ఆ వత్తు! నేను నేర్పిన అక్షరాలతోనే నా నోరు మూశావు. మూడేళ్ళు నా ఇంటికి వచ్చావు, నా పక్కన కూర్చుని తిన్నావు, "అయ్యో వదినా, మళ్ళీ ఇవ్వలేదా" అన్నావు. ఎలా అనగలిగావు?

ఇప్పుడు దొంగ నొప్పి ఒకటి అంటగట్టి దయ చూపించానంటావు. నాకు నీ దయ అక్కర్లేదు. అది నా హక్కు. చదువుకుంటానని చెప్పుకోవడానికి సిగ్గుపడి, రోగం ఉందని చెప్పుకోవాలా? సోమవారం మండలి ముందుకి వెళతాను. నాకే జబ్బూ లేదు, నేనడిగింది విద్యా సెలవు, మార్చినవాళ్ళని అడగండి అని చెబుతాను. ఆ వాక్యం ఇప్పటికే తయారుగా ఉంది.

*

కేంద్ర కార్యాలయం, రెండో గది
ఏప్రిల్ 8, మనిషి చేత పంపిస్తున్నాను

వదినా,

తిట్టావు, పడ్డాను. ఇప్పుడు నా మాట కూడా విను.

నా బీరువాలో ముప్ఫై ఒక్క విద్యా సెలవు దరఖాస్తులున్నాయి. తిప్పికొట్టడానికే నన్నక్కడ కూర్చోబెట్టారు. అది నా ఉద్యోగమని కుర్చీ ఎక్కాక తెలిసింది. ఆ ముప్ఫై ఒక్కటిలో ఒకటి నీది. నీది ఒక్కటే పాస్ చేస్తే ఏమంటారు? వదినకి ఇచ్చుకుంది అంటారు. ఆ మాట పడకూడదని అందరికంటే ముందు నిన్నే తిప్పికొట్టాను. సొంత మనిషివని. నువ్వు అర్థం చేసుకుంటావని కాదు, నీకు తెలియదులే అని. అది తప్పే. నా తిండి నాకు సయించని తప్పు.

సోమవారం నువ్వు ఆ వాక్యం చెబితే నా ఉద్యోగం పోతుంది. నేను బతిమాలడం లేదు, ఏమవుతుందో చెబుతున్నాను. తర్వాత నీ ఇష్టం.

*

ఆసుపత్రి వరండా, మూడో బెంచీ
ఏప్రిల్ 12

మరదలా,

మండలిలో ముగ్గురు డాక్టర్లున్నారు. మధ్యలో ఉన్నావిడ గొంతు డాక్టరు. నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది. అయినా చెప్పేద్దామనే వెళ్ళాను. నీ మీద అంత కోపంగా ఉంది.

లేచి నిలబడి "నాకే" అన్నాను. మిగతా వాక్యం గాలి. మళ్ళీ అన్నాను. మళ్ళీ గాలి. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

వేళ్ళతో చూపించాను. పద్నాలుగు నెలలు.

"ఇంక మాట్లాడకండి. ఒక్క మాట కూడా."

లోపలికి గొట్టం పంపి చూశారు. గొంతులో రెండు వైపులా కాయలు కాశాయి. ఆరు నెలలు నోరు తెరవకూడదు, అప్పటికీ తగ్గకపోతే కోత. అంటే నీ అబద్ధం నిజమైంది. నేను చెబుదామనుకున్న నిజం అబద్ధమైంది. ఇద్దరం కలిసి ఎంత బాగా రాశామో చూడు.

నువ్వు ఫైలు దాచావు, నేను గొంతు దాచాను. ఫోన్ బదులు ఉత్తరాలెందుకు రాస్తున్నానో ఇప్పటికైనా తెలిసిందా? మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఇంట్లో మాటలు తగ్గించేస్తే నాకు ఓర్పు వచ్చిందనుకుని మురిసిపోయాడు పాపం. ఎవరికైనా చెబితే క్లాసులు తీసేస్తారు, క్లాసులు తీసేస్తే నేనెవరిని? నూట అరవై మంది, చివరి బెంచీకి వినపడాలి. మైకు కోసం తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు రాశాను. మైకు వచ్చింది కూడా. దాన్ని మీ వికాస కేంద్రం హాల్లో పెట్టుకున్నారు. చిరునవ్వు గురించి అందులోనే చెప్పారు.

నీ ఉద్యోగానికి ఏం కాలేదు. నేను క్షమించానని మాత్రం అనుకోకు. గొంతు లేక ఊరుకున్నాను.

*

అచ్చాపీసు, మార్కెట్ వెనక సందు
జూలై 19

మరదలా,

మూడు నెలలు రాయలేదు. నీ ఉత్తరాలు అందాయి, కోపం తగ్గలేదని రాయలేదు. ఇప్పుడూ తగ్గలేదు. అవసరం పడి రాస్తున్నాను.

నేను సెలవులో దిగిన మర్నాడే నా క్లాసులకి ఒక రిటైరైన మాస్టారు వచ్చాడట. మర్నాడే! మూడేళ్ళు వెతికినా దొరకని మనిషి రెండు వీధుల అవతల ఖాళీగా కూర్చుని ఉన్నాడు. ఈ ముక్క తెలిసిన రోజు ఇక్కడ గోడని తన్నాను. కాలు వాచింది. దానికి వైద్య సెలవు అడగలేదు.

ఇక్కడి సంగతి చెబుతాను. నేను మాట్లాడకూడదు, కాబట్టి ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాను. పెద్దాయన కాగితం కళ్ళకి ఆనించుకుని, అటూ ఇటూ తిప్పి, "కనపడటం లేదమ్మా" అన్నాడు. అడగలేని మనిషీ, చదవలేని మనిషీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మూడు రోజులు కూర్చున్నాం. నాలుగో రోజు ఆయనే గోడపత్రాలకి వాడే పెద్ద అక్షరాల పెట్టె నా వైపు జరిపాడు. "ఇందులో కూర్చి ఇవ్వండి" అన్నాడు.

గంట పట్టింది. "ఇదేమిటి" అని కూర్చి ఇచ్చాను. వేళ్ళతో తడిమి చదివాడు. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుందిగా, ఆయన వేళ్ళకి అదే సూటి. "ఇదేమిటి కాదమ్మా, ఇదేటిమి అని పెట్టారు" అని నవ్వాడు. ఇరవై మూడేళ్ళు పాఠం చెప్పినదాన్ని, అక్షరాలు దిద్దుకుంటున్నాను. అలా ఒక్కో ప్రశ్నా కూర్చి, ఒక్కో గడీ అడిగి, మూడు వందల ఇరవై దాకా వచ్చాను. ఇంకా రెండు వందలున్నాయి. ఇంత నెమ్మదిగా అయితే ఆగస్టు ఆఖరుకి చేరను.

దీంతో పాటు నా ఐదో దరఖాస్తు పంపుతున్నాను. నేనే సీసంతో కూర్చి అచ్చు వేశాను. "విద్యా సెలవు" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఈ ఆరు నెలలూ మీరు నా గొంతుకి ఇచ్చారు. నా పనికి ఇంకా ఇవ్వలేదు. గొంతు తినేశాక ఇచ్చేది సెలవు కాదు. పెద్దాయన తడిమి చూసి సరిగ్గా ఉందన్నాకే అచ్చు వేశాను కాబట్టి, ఈసారి ఎవరూ టైపు తప్పు అనడానికి వీల్లేదు. నీ నోటు ఏం రాస్తావో నీ చేతిరాతలో రాయి.

వదిన

*

ఇంటి నుంచి
ఆగస్టు 8

వదినా,

నీ దరఖాస్తు టేబుల్ మీద పెట్టుకుని ఒక పూటంతా చూశాను. శ్రేయస్సు అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు.

బీరువా తెరిచాను. ముప్ఫై ఒక్కటీ తీశాను, నీది అన్నిటికంటే కింద పెట్టాను. ఒక్కోదాని మీదా నా చేతిరాతలో రాశాను. "నిబంధనల పుస్తకం నలభై ఒకటో పేజీ ప్రకారం ఇది అధ్యాపకుల హక్కు. సిఫారసు చేయడమైనది." ప్రత్యామ్నాయం ఎవరు అన్న చోట, ఏప్రిల్లో నీ బదులు ఒక్క రోజులో మనిషి ఎలా దొరికాడో రాశాను. అన్నీ ఒక కట్టగా కట్టి, నేనే పై అంతస్తుకి మోసుకెళ్ళాను. రిజిస్ట్రారు గారు ఈసారి చదివారు. మూడేళ్ళలో ఆయన చదవడం మొదటిసారి చూశాను.

"ఏంటమ్మా ఇది, మీకు ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"ఇప్పుడే బాగుందండీ" అన్నాను.

మర్నాడు నాకు కవరు వచ్చింది. తదుపరి ఉత్తర్వుల వరకు నన్ను సెలవు మీద పంపారు. ఏ సెలవో రాయలేదు. ఐత్వం లేదు, దీర్ఘం లేదు, ఉత్త సెలవు. ముప్ఫై ఒక్కటి ఏమవుతాయో తెలియదు. లెక్కల మాస్టారు, ఇంకో పదిమంది ఆ కట్ట కోసం పై అంతస్తు మెట్ల మీద కూర్చున్నారని పాత గుమాస్తా చెప్పాడు.

నేను ఖాళీగా ఉన్నాను వదినా. నీకు గొంతు కావాలి. నాది పెద్ద నోరని పెళ్ళినాడే మీవాళ్ళందరి ముందూ అన్నావు. నువ్వు వేలితో చూపించు, నేను అడుగుతాను, పెద్దాయన చెబుతాడు, నువ్వు రాసుకో. అక్కడ ఇంకో స్టూలు ఉందా?

నీ ఆడపడుచు

*

అచ్చాపీసు
ఆగస్టు 11, సీసం అక్షరాలతో అచ్చు వేసిన చీటీ

నూట నలభై గళ్ళు మిగిలాయి.
స్టూలు ఉంది.
కోపం కూడా ఉంది.
రా.